ఎదురుమాట

మా ఆయనకు సినిమాల పిచ్చి ఉండేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పిచ్చి ఉన్నవాడు సినిమా చూసి ఊరుకుంటాడు. ఈయనకు చూడటం మీద అంత మోజేం లేదు. చూసొచ్చాక దాని గురించి మాట్లాడాలి, అదీ ఈయన రోగం. రెండున్నర గంటల సినిమా అయితే దాని మీద మాట పొద్దుగూకేదాకా నడిచేది.

పేరు బ్రహ్మచారి. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే బస్తీలో వడ్రంగి పని. మిలిటరీ క్వార్టర్ల వాళ్ళకు అల్మారాలు, మంచాలు, వంటింటి అరలు చేసేవాడు. చేతిలో పనితనం ఉంది, కాదనను. కానీ శుక్రవారం పొద్దున దేవుడు పిలిచినా పోడు. ఒక ఆఫీసర్ భార్య డ్రైవర్ని పంపి పిలిపిస్తే, కొత్త సినిమా ఉందని చెప్పు, మేడమ్‌కు అర్థమైతది అని తిప్పి పంపాడు. ఆవిడకు అర్థం కాలేదు. ఆ పని ఇంకెవరికో పోయింది. నేను మూడు రోజులు మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేదు.

మాకు పిల్లలు లేరు. చుట్టాలెవరైనా ఆ మాట ఎత్తితే, "మాకు వారానికొకటి పుడ్తది, శుక్రవారం మార్నింగ్ షోకు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేను లోపలికి పోయి గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. లోకంలో ఆడవాళ్ళకు సవతి అంటూ ఉంటే ఒక్కతే ఉంటుంది. నాకు వారానికొక కొత్త సవతి.

వాళ్ళది ముగ్గురి బ్యాచ్. రెండోవాడు ఉదయ్ భాస్కర్. వాళ్ళ నాన్న కాలంలోనే తెనాలి దగ్గర్నుంచి సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డారు. కార్ఖానా మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపు. మూడోవాడు నతానియేల్, రైల్వేలో టికెట్ల కౌంటర్‌లో ఉద్యోగం. శుక్రవారం పొద్దున ఖాళీ ఉండాలని ఎవరికీ అక్కర్లేని డ్యూటీలన్నీ అడిగి మరీ వేయించుకునేవాడు. ముగ్గురూ కలిసి మొదటి ఆట చూసి, స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో గోడ పక్క బల్ల దగ్గర చేరేవాళ్ళు.

ఆ బల్లకు కొన్ని కట్టుబాట్లున్నాయి. థియేటర్ నుంచి హోటల్ దాకా సినిమా మీద ఒక్క మాట మాట్లాడకూడదు. మొదటి చాయ్ అయ్యాకే షురూ. ముందు మాట మా ఆయనది. ఆయన బాగుందంటే భాస్కర్ బాగాలేదనాలి, ఆయన బాగాలేదంటే భాస్కర్ బాగుందనాలి. "నాక్కూడా అట్లనే అనిపించింది" అన్న మాట అక్కడ చెల్లదు. ఇద్దరూ ఒకటే అనేదుంటే కూర్చున్నదెందుకు, ఇంటికి పోయి పండుకోవచ్చు కదా అని మా ఆయన లెక్క. చివర్న నతానియేల్ తీర్పు చెప్పేవాడు, ఈ వారం మాట ఎవరిదో. సినిమా ఎట్లా ఉందన్నదాని మీద కాదు తీర్పు, ఎవరు బాగా వాదించారన్నదాని మీద. భాస్కర్ ఇంట్లో చాలా బాగుందని చెప్పిన సినిమాని హోటల్లో ఉతికి ఆరేసేవాడట. ఆయన భార్య రాధిక నాకు చెప్పి నవ్వింది. ఈ మొగవాళ్ళకు పనీపాటా లేదు వదినా అంది. ఆ విషయంలో నాకూ ఆమెకూ వాదన లేదు.

ఒక్కసారి నేను ఏదో పనిమీద స్టేషన్ వైపు పోయి, ఆ హోటల్ బయట నిలబడి విన్నాను. ఆ రోజు సినిమా గురించి మా ఆయన, "ఇంటర్వెల్ దాక టేకు, అటెన్క అంత ప్లైవుడ్డే" అంటున్నాడు. పక్క బల్లల వాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకుని కూర్చున్నారు. ఒకాయన చాయ్ చల్లారిపోతున్నా తాగడం లేదు. పని దగ్గర మా ఆయన మాట ఎవరూ వినరు. చారీ, తలుపు సరిగా పడతలేదు చూడు అనేవాళ్ళే గానీ, చారీ నువ్వేమంటావు అని అడిగిన మనిషి లేడు. ఆ బల్ల దగ్గర మాత్రం అడిగేవాళ్ళు. అది చూశాక నేను శుక్రవారాల మీద సణగడం కొంచెం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

అప్పట్లో ఒక పెద్ద దర్శకుడి సినిమా గురించి వాళ్ళిద్దరికీ వాదన పడేది. వరసగా దెబ్బతిన్న ఆ దర్శకుడు ఈసారి లేచి నిలబడతాడని మా ఆయన, ఆయన పని అయిపోయిందని భాస్కర్. సినిమా ఇంకా రాలేదు. షూటింగే పూర్తి కాలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మూడేళ్ళు నడిచింది ఆ వాదన. నతానియేల్ కూడా తీర్పు చెప్పలేక, సినిమా వచ్చాకే చెప్తా అని వాయిదా వేశాడు.

ఆ చలికాలంలో మా ఆయన గొంతు బొంగురు పోయింది. రంపపు పొట్టు పడిందనుకున్నాం. నేను మిరియాల పాలు పోశాను, శొంఠి కషాయం పోశాను. నెల దాటినా తగ్గలేదు. తిన్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుందని అన్నాక చేయి పట్టి లాక్కుపోయినట్టు దవాఖానకు తీసుకుపోయాను. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరమ్మ చిన్న వయసుది, ఏదీ దాచకుండా చెప్పింది. క్యాన్సర్ అంది. గొంతులో మాట పుట్టే పెట్టె తీసేయాలంది. మెడకు రంధ్రం పెడతారు, ఊపిరి దాన్నుంచే. మాట రాదు, కానీ మనిషి ఉంటాడు, ఈ నెల దాటనివ్వకండి అంది. మెడకు ఆనించుకుని మాట్లాడే మిషన్ ఉంటుందని కూడా చెప్పింది.

 వరండాలోకి వచ్చాక ఆయన బెంచీ మీద కూర్చుని ఆ మిషన్ గురించే ఆలోచిస్తున్నాడు.

"మిషన్ గొంతుతోని మాట్లాడాల్నా? డబ్బింగ్ మనిషినైతనా నేను?" అన్నాడు. మళ్ళీ తనే, "ఒక్క సినిమా వసుధా. ఉగాదికి వస్తున్నది. నా గొంతుతోని ఆ ఒక్క మాట భాస్కర్‌తోని తేల్చుకుంట. అది అయినంక నువ్వు ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడ్త."

ఉగాది ఇంకా రెండు నెలలుంది. నేను ఏడ్చాను, తిట్టాను, పుట్టింటికి పోతానన్నాను. పోవడానికి పుట్టిల్లెక్కడుంది, బన్సీలాల్‌పేట్‌లో మా తమ్ముడి రెండు గదుల ఇల్లు తప్ప. ఆయనకు ఆ సంగతీ తెలుసు. చివరికి నేను నేరుగా భాస్కర్ షాపుకు పోయాను. జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్ళను పక్కకు జరగమని, డాక్టరమ్మ అన్నదంతా చెప్పి, అన్నా, ఆయన ఈ లోకంలో నీ మాట ఒక్కటే వింటాడు, నువ్వు చెప్పు అన్నాను. భాస్కర్ మొహం పాలిపోయింది. శుక్రవారం చెప్తాను వదినా, తప్పకుండా ఒప్పిస్తాను అన్నాడు.

శుక్రవారమే చెప్పాడు. ఆ హోటల్లోనే, ఆ బల్ల దగ్గరే, చాయ్ తాగాకే. అక్కడే కొంప మునిగింది. ఆ రోజు ఏం జరిగిందో తర్వాత నతానియేల్ నాకు చెప్పాడు, కళ్ళు తుడుచుకుంటూ. భాస్కర్ ఆపరేషన్ వెంటనే చేయించుకోవాలి అన్నాడు. అనగానే మా ఆయన వెనక్కి ఆనుకుని, ఎందుకు చేయించుకోవాలె అని షురూ చేశాడు. భాస్కర్ ఏదంటే దానికి ఎదురు చెప్పడం ఇరవై ఏళ్ళ అలవాటు, నోరు ఊరుకోలేదు. భాస్కర్ ప్రాణం ముఖ్యమన్నాడు. మాటే లేనోడికి ప్రాణమెందుకు, ఫస్టాఫ్ నడిపించి సెకండాఫ్ మూగ సినిమా చూపిస్తే జనం కూర్చుంటరా అని ఈయన. భాస్కర్ వదిన గురించి ఆలోచించమన్నాడు. ఆమె ఎట్లాగూ నా మాట వినదు కదా అని ఈయన. పక్క బల్లల వాళ్ళు నవ్వారట. భాస్కర్‌కు కూడా పట్టుదల వచ్చింది, వాదన మీద వాదన. ఇద్దరూ మరిచిపోయారు, మాట్లాడుతున్నది సినిమా గురించి కాదని. చివర్న నతానియేల్ కూడా మరిచిపోయాడు. అలవాటు కొద్దీ, మాట చారన్నదే అని తీర్పు చెప్పేశాడు.

ఆయన ఆ రోజు ఇంటికి సంతోషంగా వచ్చాడు. "భాస్కర్‌కు మాట లేకుండ చేసిన" అన్నాడు. నేను అన్నం గిన్నె నేలకేసి కొట్టాను.

గెలిచినవాడు మళ్ళీ ఓడిపోవడానికి ఒప్పుకోడు. ఆ తర్వాత ఆపరేషన్ మాట ఎత్తితే, అయిపోయిన ముచ్చట మళ్ళెందుకు అనేవాడు. ఉగాదికి వారం ముందు సినిమా వాయిదా పడింది. గ్రాఫిక్స్ పూర్తి కాలేదట. బోనాలకన్నారు. నేను చేతులు జోడించాను, ఇప్పుడైనా పదవయ్యా అని. ఈ మూడు నెలలకు ఏం గాదన్నాడు. బొల్లారంలో ఎవరో చూర్ణం ఇస్తున్నాడని తెచ్చుకుని తేనెలో నాకేవాడు. దాంతో గొంతు జెర విప్పుకున్నదని మురిసిపోయాడు. బోనాలు వచ్చాయి. అదే రోజు ఇంకో పెద్ద సినిమా ఉందని మళ్ళీ వాయిదా. దసరాకట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు, పూజారీ ఇవ్వలేదు. ఫోన్‌లో ఆ పోస్టర్ చూసినప్పుడల్లా దాని మీద మన్ను పోయాలనిపించేది నాకు.

ఈ మధ్యలో భాస్కర్ మారిపోయాడు. శుక్రవారాలు హోటల్లో కూర్చుంటున్నాడు కానీ మునుపటిలా గొంతు లేపడం లేదట. మా ఆయన ఇంటికి వచ్చి, వానికి షాపుల ఏదో తక్లీఫ్ ఉన్నట్టుంది, మాట మీద మనసు పెడతలేడు అనేవాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ, ఏమని చెప్పను?

బోనాలు దాటిన కొన్నాళ్ళకు మెడ పక్కన గడ్డ తేలింది. ముందు కుంకుడు గింజంత, తర్వాత నిమ్మకాయంత. అప్పుడు ఆయనే అన్నాడు, పోదాం పద అని. డాక్టరమ్మ స్కానింగ్ కాయితం చాలాసేపు చూసింది. ఊపిరితిత్తుల్లోకి పోయిందట. ఇప్పుడు ఆపరేషన్ చేసినా లాభం లేదంది, నొప్పి తెలియకుండా చూసుకుందాం అంది. ఆమెకు కోపం కూడా వచ్చింది. ఇన్ని నెలలు ఎందుకు ఆలస్యం చేశారమ్మా అని నన్నే అడిగింది.

"సినిమా రాలేదమ్మా" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. పరాచికాలాడుతున్నాననుకుందో, మతి చెడిందనుకుందో. నర్సుకు చెప్పి నాకు మంచినీళ్ళు ఇప్పించింది.

ఇంటికి వచ్చాక ఆయన కుంగిపోతాడనుకున్నాను. లేదు. డాక్టర్లు అట్లనే భయపెడ్తరు, దసరా కానీ, చూద్దాం అన్నాడు. ఆ నమ్మకం ఎక్కడిదో నాకు తెలియదు. సినిమాల్లో ఆఖర్న అందరూ బాగైపోతారు కదా, అదే బుర్రలో నాటుకుని ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని ఊరికే అనలేదు పెద్దలు. ఈయన చేతులు కాలినా ఆకుల జోలికి కూడా పోలేదు.

దసరాకు సినిమా నిజంగానే వచ్చింది. నతానియేల్ టికెట్లు తెచ్చాడు, ఈసారి నాలుగు. ఆయన ఒక్కడూ మెట్లెక్కలేడు కాబట్టి నేనూ పోవాల్సి వచ్చింది. అప్పటికి సన్నగా, చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉన్నాడు. గొంతు కూడా చాలావరకు పోయింది, దగ్గరికి వంగి వింటే తప్ప మాట తెలిసేది కాదు. ఆ ఉన్న మాటను కూడా వారం రోజులుగా దాచుకున్నాడు. నాతో సైగలే. శుక్రవారానికి కావాలె కదా అన్నట్టు గొంతు మీద వేలు పెట్టి చూపించేవాడు.

పెళ్ళైనప్పటి నుంచి నేను ఏ సినిమాలోనూ ఇంటర్వెల్ దాకా మెలకువగా లేను. ఆ రోజు కన్నార్పకుండా చూశాను. ఇంతకాలం మా ఇంటిని ఆడించిన ఆ మహాతల్లి ఎట్లా ఉంటుందో చూద్దామని. ఏముంది అందులో! హీరోకు రెండు వేషాలు, రెండింటికీ ఒకటే నడక. ఎవరు ఎందుకు కొట్టుకుంటున్నారో తెలియదు. ఇంటర్వెల్ తర్వాత హాలంతా ఫోన్ల వెలుగులే. నా ముందు వరసలో ఒకాయన గురకపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. నా మొగుడి ప్రాణం తీసుకుని, దీనికోసమా అని.

బయటికి రాగానే యూట్యూబ్ వాళ్ళు మైకులు పట్టుకుని మీద పడ్డారు, అన్నా సినిమా ఎట్లుంది, ఎన్ని మార్కులిస్తవు అని. ఆయన చేయి అడ్డం పెట్టి నవ్వాడు. చాయ్ కాకముందే చెప్పే మనిషా!

హోటల్లో బల్ల ఖాళీగానే ఉంది. నలుగురం కూర్చున్నాం. చాయ్ వచ్చింది. ఆయన మింగలేడు, పెదాలు తడుపుకుని కప్పు కింద పెట్టాడు. మేం ముగ్గురం తాగేదాకా ఓపిగ్గా ఆగాడు. తర్వాత వెనక్కి ఆనుకుని, భాస్కర్ కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టాడు. తడి చెక్క మీద రంపం లాగినట్టుంది ఆ గొంతు.

"బాగున్నది. ఇంటర్వెల్ దాక టేకు. అటెన్క సుత టేకే."

నేను ఆయన మొహం చూశాను. అక్షరం నమ్మి అన్న మాట కాదది. భాస్కర్‌ను కవ్వించడానికి అన్నది. నెలల తరబడి నేను చూడని వెలుగుంది ఆ కళ్ళలో. ఇప్పుడు భాస్కర్ లేస్తాడు, ఆ సినిమాను చీల్చి చెండాడుతాడు, ఈయన ఉన్న నాలుగు మాటలతో దాన్ని నిలబెడతాడు. దీనికోసమే ఈ మనిషి అన్నీ వదులుకున్నాడు.

భాస్కర్ తల ఎత్తలేదు. వేలితో బల్ల మీద చాయ్ మరకను రుద్దుతూ, "అవునన్నా. బాగుంది. నాకూ అలాగే అనిపించింది" అన్నాడు.

మా ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మళ్ళీ ముందుకు వంగాడు.

"మూడేండ్ల సంది ఆ డైరెక్టర్ పని ఖతం అంటివి కదరా?"

"తప్పు నాదేనన్నా. నువ్వు చెప్పిందే నిజమైంది."

నతానియేల్ మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. నాకు కోపం ఆగలేదు. మొదటిసారి నేను ఆ బల్ల దగ్గర నోరు తెరిచాను. ఏం బాగుందయ్యా అందులో, తలా తోకా ఉందా, రెండు వేషాలకు రెండు నడకలైనా లేవు, సగం హాలు నిద్రపోయింది, నువ్వు చెప్పేది శుద్ధ అబద్ధం అని నాకు చేతనైనట్టు వాదించాను. ఎవరో ఒకరు ఎదురు చెప్పాలి కదా. భాస్కర్‌కు నోరు రాకపోతే నాకైనా రావాలని. ఆయన నా వైపు చాలా ప్రేమగా చూశాడు. నా చేతి మీద తట్టాడు. జవాబు మాత్రం ఇవ్వలేదు. ఆయనకు కావాల్సింది నా వాదన కాదు.

ఇంకాసేపు భాస్కర్ కోసం చూశాడు. భాస్కర్ ముక్కు ఎగబీల్చుకోవడమే గానీ ఏమీ అనలేదు. అప్పుడు ఆయన నతానియేల్‌ను తీర్పు చెప్పమన్నట్టు చేయి తిప్పాడు.

"మాట నీదేనన్నా" అన్నాడు నతానియేల్.

ఆయన తల ఊపి లేచాడు.

ఆటోలో చాలాసేపు కమ్మీ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. క్లాక్ టవర్ దాటాక నా చెవి దగ్గరికి వంగాడు.

"గలీజ్ సినిమా" అన్నాడు.

అవునన్నాను.

"భాస్కర్‌కు సుత తెలుసు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "డాక్టరమ్మ చెప్పిననాడు నేను నమ్మలే వసుధా. ఇయ్యాల నమ్మిన."

 ఆయన దాచుకున్న మాట అక్కడితో అయిపోయింది. కార్ఖానా వచ్చేదాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం.